8.16 టన్నుల ఆచూకీ

మన దేశంలో తారు రోడ్డు మందం లెక్కగట్టే ఇంజినీరు ముందుగా ఒక ఇరుసును ఊహించుకుంటాడు. రెండు పక్కలా జంట టైర్లున్న ఇరుసు. దాని మీద బరువు 8.16 టన్నులు. రోడ్డు బతకాల్సిన పదిహేను, ఇరవై ఏళ్లలో అలాంటి ఇరుసులు ఎన్ని లక్షలసార్లు దాటిపోతాయో అంచనా వేసి, దాన్నిబట్టి కంకర ఎంత పరవాలో, తారు ఎంత వేయాలో తేలుస్తాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్న సంఖ్య ఇది. ఎనిమిది టన్నులని పెట్టుకుంటే లెక్క సులువయ్యేది. పైన ఆ 160 కిలోలు ఎందుకొచ్చినట్టు?

చట్టం తిరగేస్తే అక్కడి సంఖ్యలూ ఇలాగే ఉంటాయి. 2018 జూలై దాకా ఆరు టైర్ల లారీ సరుకుతో కలిపి 16.2 టన్నులు దాటకూడదు. పది టైర్లదైతే 25. పన్నెండు టైర్లకు 31. ఇరవై రెండు టైర్ల ట్రెయిలర్‌కు 49. పైకి చూస్తే వీటికి ఒక వరస లేదు. టైరుకింత అని పంచినా కుదరదు: మొదటిదానికి టైరుకు 2.7 టన్నులు వస్తే చివరిదానికి 2.2 వస్తుంది. పెద్ద బండికి టైరుకు తక్కువ బరువు ఎందుకు ఇచ్చినట్టు?

లారీ ఎంత బరువుంటుందని ఎవరైనా అడిగితే ఒక్కమాటలో జవాబు చెప్పలేం. ఎందుకు చెప్పలేమో ఈ వింత సంఖ్యలను వెనక్కి తవ్వుకుంటూ పోతే తెలుస్తుంది. దారి కాటా దగ్గర మొదలవుతుంది, అమెరికాలో ఒక చిన్న ఊరి పక్క పొలాల దాకా పోతుంది.

కాటా చీటీ మీద మూడు అంకెలుంటాయి: మొత్తం బరువు, ఖాళీ బరువు, రెంటి తేడాగా సరుకు బరువు. ఇందులో ఖాళీ బరువే మొదట మనల్ని తికమక పెడుతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది బండ్లు రెండు పక్కపక్కన నిలబెట్టి తూస్తే అంకెలు కలవవు. మన దగ్గర చాలాకాలం లారీ అంటే కంపెనీ నుంచి వచ్చేది ఛాసీ మాత్రమే. తొట్టి కట్టేది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల. ఒకరు చెక్కతో కట్టిస్తారు, ఇంకొకరు ఇనుప రేకుతో, మరొకరు కంకర తోలడానికి మందపాటి పలకతో టిప్పర్ తొట్టి బిగిస్తారు. దానికి తోడు స్టెప్నీలు, టార్పాలిన్లు, మోకులు, వంట సామాను. నాలుగు వందల లీటర్ల ట్యాంకు నింపితే డీజిలే 330 కిలోలు తూగుతుంది.

సరుకు సంగతి మరీ తేడా. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఘనమీటరు మూడు టన్నులకు దగ్గర్లో ఉంటుంది. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తున్న ఒక్క దిమ్మె ఇంచుమించు 20 టన్నులు. తొట్టిలో సగానికి పైగా ఖాళీగానే కనిపిస్తుంది, బండి మాత్రం హద్దు చేరిపోయి ఉంటుంది. దూది, ఖాళీ డబ్బాలు ఎక్కించినవాడికి ఎత్తు హద్దు ముందొస్తుంది, బరువు హద్దు కనుచూపు మేరలో ఉండదు. గోదావరి ర్యాంపులో తడిగా ఎత్తిన ఇసుకకూ నాలుగు రోజులు ఎండిన ఇసుకకూ ఘనమీటరుకు మూడు వందల కిలోల దాకా తేడా పడుతుంది. నీళ్లు కారుకుంటూ పోయే ఇసుక లారీ దారిలోనే బరువు తగ్గుతూ పోతుంది.

అంటే బండీ మారుతుంది, సరుకూ మారుతుంది. అయినా చట్టంలోని 16.2 మాత్రం కదల్లేదు. ఆ అంకె బండిని చూసి గానీ సరుకును చూసి గానీ వేసింది కాదన్నమాట. ఇది మొదటి ఆధారం.

రెండోది టైర్ల దగ్గర దొరుకుతుంది. టైర్లను విడివిడిగా కాకుండా ఇరుసుల లెక్కన చూడాలి. పాత నిబంధనలో ముందు ఇరుసుకు, అంటే పక్కకొక టైరున్న దానికి, 6 టన్నులు. వెనక జంట టైర్ల ఇరుసుకు 10.2. పక్కపక్కనే ఉన్న రెండు వెనక ఇరుసులకు కలిపి 19. మూడింటికి కలిపి 24. ఇక కూడి చూడండి. ఆరు టైర్ల లారీ: ఆరూ పది పాయింట్ రెండూ కలిస్తే 16.2. పది టైర్లది: ఆరూ పంతొమ్మిదీ 25. పన్నెండు టైర్లది: ముందు రెండు ఇరుసులకు ఆరేసి, వెనక పంతొమ్మిది, మొత్తం 31. ఇరవై రెండు టైర్ల ట్రెయిలర్: ఆరు, పంతొమ్మిది, ఇరవై నాలుగు, కూడితే 49. వరస లేదనిపించిన సంఖ్యలు ఒక్క దెబ్బకు వరసలోకి వచ్చాయి. 2018 జూలై 16న కేంద్రం హద్దులు పెంచినప్పుడూ ఇదే పద్ధతి: ముందు ఇరుసు 7, వెనక ఇరుసు 11.5, జంట ఇరుసులు 21, మూడిరుసులు 27. అందుకే ఆరు టైర్ల లారీ 18.5 అయింది. ట్రెయిలర్ ఏడూ ఇరవై ఒకటీ ఇరవై ఏడూ కలిపి 55 అయింది.

కాబట్టి చట్టం లారీని తూచడం లేదు. ఇరుసుల్ని తూస్తోంది. లారీ బరువనేది ఆ ఇరుసుల కూడిక మాత్రమే. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా, దిమ్మెను ఒక బారెడు వెనక్కి జరిపి పెడితే వెనక ఇరుసు హద్దు దాటిపోవచ్చు. అనుభవమున్న డ్రైవరు సరుకు ఎక్కడ పడుతోందో నిలబడి చూసుకునేది ఇందుకే. కొన్ని లారీలకు మధ్యలో గాల్లో వేలాడే టైర్లుంటాయి కదా, ఆ లిఫ్ట్ యాక్సిల్ కూడా ఈ కూడిక కోసమే పుట్టింది. లోడు ఉంటే నేలకు దిగి వాటా మోస్తుంది, ఖాళీగా వెళ్తుంటే పైకి లేచి టైర్లను కాపాడుకుంటుంది.

ఇక్కడ ఆగి చూస్తే ఆ కూడికలోనే ఒక లోటు కనిపిస్తుంది. ఒక ఇరుసుకు 10.2 అయితే రెండింటికి 20.4 రావాలి. ఇచ్చింది 19. మూడింటికి 30.6 రావాలి. ఇచ్చింది 24. ఆరున్నర టన్నులకు పైగా ఎక్కడ పోయాయి?

నులక మంచం మీద ఇద్దరు చెరో చివర కూర్చుంటే ఒకలా కుంగుతుంది, నడిమధ్యన ఇద్దరూ ఆనుకుని కూర్చుంటే ఇంకోలా కుంగుతుంది. వంతెనకు జరిగేదీ అదే. ఇరుసులు దగ్గరగా ఉంటే రెండింటి బరువూ ఒకే దూలం మీద ఒకేసారి పడుతుంది. రోడ్డుకూ అంతే, ఒక ఇరుసు నొక్కిన చోటు తేరుకోకముందే రెండోది నొక్కుతుంది. దగ్గరగా ఉన్నందుకు చెల్లించిన మూల్యమే ఆ తగ్గింపు.

వంతెన కట్టేవాళ్ల దగ్గర కాగితం మీద నడిచే లారీ ఒకటుంది. ఐఆర్‌సీ క్లాస్ ఏ లోడింగ్ అంటారు. ఎనిమిది ఇరుసులు, మొదటి దానికీ చివరి దానికీ మధ్య 18.8 మీటర్లు, మొత్తం 55.4 టన్నులు. అందులో అన్నిటికన్నా బరువైన ఇరుసు 11.4 టన్నులు. ఈ ఊహా లారీని దూలం మీద ముందుకీ వెనక్కీ నడిపించి, ఎక్కడ ఎక్కువ వంగుతుందో లెక్కగట్టి ఇనుము వేస్తారు. ఇప్పటి చట్టంలోని 55, 11.5 ఆ రెండు అంకెలకు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి.

వంతెన కోసం బరువుకు హద్దు గీసే ఆలోచనకు అమెరికాలో ఒక వింత సంఖ్య సాక్ష్యంగా నిలిచింది. 1956లో అక్కడ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చినప్పుడు ట్రక్కు మొత్తం బరువుకు పెట్టిన హద్దు 73,280 పౌండ్లు. పది వేలతోనో అయిదు వేలతోనో తెగే సంఖ్య కాదు. దాని మూలం 1946లో అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం ఆమోదించిన పట్టికలో ఉంది. ఆ పట్టిక ఒక సూత్రం మీద నడుస్తుంది. మొదటి ఇరుసుకూ చివరి ఇరుసుకూ మధ్య దూరం అడుగుల్లో తీసుకోవాలి. దానికి 24 కలిపి 1,025తో హెచ్చవేయాలి. వచ్చినదానిలోంచి దూరం వర్గానికి మూడు రెట్లు తీసేయాలి. పట్టికలో చివరి దూరం 57 అడుగులు. 57కు 24 కలిపితే 81, దాన్ని 1,025తో హెచ్చవేస్తే 83,025. 57 వర్గం 3,249, దానికి మూడింతలు 9,747. తీసేస్తే 73,278. పదికి సరిచేస్తే 73,280. అంతర్రాష్ట్ర రహదారుల మీద దాదాపు రెండు దశాబ్దాలు పెత్తనం చేసిన అంకె ఒక దూలం వంపు లెక్కలోంచి ఊడిపడింది.

అరబ్ దేశాలు చమురు నిషేధం పెట్టాక, 1974లో అమెరికా వేగాన్ని గంటకు 55 మైళ్లకు కట్టేసింది. ట్రక్కులు నెమ్మదించాయి. ఆ నష్టానికి బదులుగా 1975 జనవరిలో బరువు హద్దును 80,000 పౌండ్లకు, అంటే 36.3 టన్నులకు పెంచింది. ముందు ఇరుసుకు 12,000, రెండు జంట ఇరుసులకు 34,000 చొప్పున. దానితోపాటే కొత్త వంతెన సూత్రం వచ్చింది. అందులో దూరంతోపాటు ఇరుసుల సంఖ్య కూడా చేరింది. అయిదిరుసుల బండికి 80,000 పౌండ్లు కావాలంటే మొదటి ఇరుసుకూ చివరి దానికీ మధ్య 51 అడుగులుండాలి. అమెరికా పద్దెనిమిది చక్రాల బండి అంత పొడుగ్గా సాగింది ఇందుకే. దాని ఆకారాన్ని కంపెనీ బొమ్మలు గీసేవాళ్లకన్నా ముందు వంతెన ఇంజినీర్లు గీశారు.

అదే దేశంలో మిషిగన్ రాష్ట్రం పదకొండు ఇరుసుల మీద 1,64,000 పౌండ్లు, ఇంచుమించు 74 టన్నులు పోనిస్తుంది. పాత హద్దులు నిలుపుకునే హక్కు రాష్ట్రాలకు ఉండటం వల్ల ఇది సాగింది. ఫిన్లండ్‌లో 2013 నుంచి తొమ్మిది ఇరుసుల మీద 76 టన్నులు వెళ్లొచ్చు. ఐరోపా సమాఖ్యలో దేశాల మధ్య తిరిగే మామూలు పెద్ద ట్రక్కు 40 దగ్గర ఆగుతుంది. పదార్థం అదే ఉక్కు, అదే రబ్బరు. మారేది ఇరుసుల సంఖ్య, వాటి మధ్య ఎడం, కింద ఉన్న నేల, వంతెన.

ఇప్పుడు 8.16కు వద్దాం. 1956 చట్టంలోనే ఒంటి ఇరుసుకు పెట్టిన హద్దు 18,000 పౌండ్లు. పౌండుకు 453.6 గ్రాముల లెక్కన కిలోల్లోకి మారిస్తే 8,165. మన 8.16 దొరికింది! మెట్రిక్ పద్ధతికి మారిన దేశపు రోడ్ల పుస్తకంలో ఒక అమెరికా పౌండ్ల సంఖ్య వేషం మార్చుకుని కూర్చుంది. అయితే చట్టంలోని హద్దు కొలబద్ద ఎలా అయింది? దానికి ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా వెళ్లాలి.

రోడ్డు ఎంత బరువుకు చెడుతుందో తెలుసుకోవాలంటే చెడగొట్టి చూడటం తప్ప దారి లేదు. అమెరికా ఇంజినీర్లు ఆ పని అంతకుముందూ చేశారు. 1920ల మొదట్లో ఇదే ఇల్లినాయ్‌లో, బేట్స్ దగ్గర, మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన గట్టి రబ్బరు టైర్ల సైనిక ట్రక్కులను తిప్పి చూశారు. 1950లో మేరీలాండ్‌లో, 1953, 54లలో ఐడాహోలో మళ్లీ చేశారు. ఒట్టావాలో చేసింది వీటన్నిటికన్నా పెద్దది. తర్వాత 80వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి కాబోయే దారి వెంట ఆరు వలయాలు కట్టారు. వాటిలో 836 ముక్కలు, ఒక్కొక్కటి ఒక్కో మందంతో. కొన్ని తారువి, కొన్ని కాంక్రీటువి. పదహారు చిన్న వంతెనలు కూడా. ఒక వలయాన్ని ట్రాఫిక్ లేకుండా వదిలేశారు, ఎండకూ మంచుకూ రోడ్డు తనంతట తాను ఎంత పాడవుతుందో చూడటానికి. మిగతా అయిదింటిలో ఒక్కో వరసకు ఒక్కో ఇరుసు బరువు: చిన్నది 2,000 పౌండ్లు, పెద్దది ఒంటి ఇరుసుకు 30,000, జంట ఇరుసులకు 48,000. నాలుగో వలయంలో 18,000. అయిదో వలయంలో 22,400, అంటే 10.16 టన్నులు. మన పాత 10.2కు 40 కిలోలే తక్కువ.

డ్రైవర్లు సైనికులు. 1958 అక్టోబరులో మొదలైన పరుగు 1960 నవంబరు 30న ఆగింది. రేయింబవళ్లు షిఫ్టులు వేసుకుని, అదే వలయంలో, అదే వరసలో నడిపారు. మొత్తం కోటీ డెబ్బై లక్షల మైళ్లు దాటింది. ఒక్కో వరస మీద 11,14,000 ఇరుసులు వెళ్లాయి. ఎక్కడికీ చేరని ప్రయాణం అది. ప్రపంచంలో ఎన్నో రోడ్ల మందం ఆ కుర్రవాళ్ల విసుగులోంచి వచ్చిందంటే నాకు గౌరవం కలుగుతుంది.

రోడ్డు చెడిందని ఎప్పుడు అనాలి? దీనికి కేరీ, ఐరిక్ అనే ఇద్దరు ఒక దారి చూపారు. కొంతమందిని బళ్లలో ఎక్కించి రోడ్లమీద తిప్పి, సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను గతుకుల, పగుళ్ల కొలతలతో జతచేశారు. దాంతో ఏ ముక్క ఎన్ని ఇరుసులకు ఏ మార్కుకు దిగజారిందో లెక్క రాయగలిగారు. ఆ లెక్కలోంచే అసలు సంగతి బయటపడింది. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డు నష్టం రెండింతలు కావడం లేదు. పదహారింతలు అవుతోంది. బరువు పెరిగిన నిష్పత్తిని నాలుగుసార్లు తనతో తాను హెచ్చవేస్తే వచ్చేదే నష్టం. అన్ని బరువులనూ ఒకే కొలబద్దకు తేవడానికి అప్పటి చట్టపు హద్దు 18,000 పౌండ్లను ఒకటి అనుకున్నారు. అలా చట్టంలోని అంకె శాస్త్రంలోకి, అక్కడి నుంచి మన పుస్తకంలోకి వచ్చింది.

ఈ నాలుగో ఘాతాన్ని ప్రకృతి నియమంలా చూడకూడదు. ఒక నేల, ఒక వాతావరణం, రెండేళ్ల కాలం ఇచ్చిన సగటు అది. రోడ్డు రకాన్నిబట్టి, పాడయ్యే తీరునుబట్టి ఘాతం అటూ ఇటూ అవుతుంది. ఒట్టావాలో తారు ముక్కలు ఎక్కువగా చెడింది వసంతంలో, నేలలో గడ్డకట్టిన నీరు కరిగి మట్టి మెత్తబడినప్పుడు. మనకు మంచు లేదు, వానాకాలం ఉంది. కాలువలు పూడిపోయిన రోడ్డు కింద నీరు నిలిస్తే అక్కడి వసంతం పనే ఇక్కడ జూలై, ఆగస్టులు చేస్తాయి. మన దేశపు పరిశోధనల్లోంచి ఐఆర్‌సీ 37వ పుస్తకంలో చేరిన సూత్రాల్లో రెండు ఘాతాలున్నాయి. తారు పొర అడుగున సాగి సాగి పగిలే తీరుకు 3.89, అడుగు మట్టి కుంగి చక్రాల జాడలు పడే తీరుకు 4.53. వేరే నేల, వేరే ఎండ, వేరే లారీలు. అయినా నాలుగు చుట్టూనే తిరుగుతున్నాయి. ఒట్టావా సాక్ష్యం నిలబడిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఆ సూత్రాన్ని మన లారీల మీద పెట్టి చూడొచ్చు. 10.2ను 8.16తో భాగిస్తే సరిగ్గా ఒకటింపావు. దాని నాలుగో ఘాతం 2.44. అంటే పాత హద్దులో ఉన్న ఒక్కో వెనక ఇరుసు దాదాపు రెండున్నర కొలబద్ద ఇరుసుల పాటు రోడ్డును నలిపేది. 11.5కు అదే లెక్క 3.94. 2018లో పెరిగిన బరువు నూటికి 13 లోపే, పెరిగిన నష్టం నూటికి 60కి పైన. చట్టాన్ని మీరి అదే ఇరుసు మీద 15 టన్నులు వేస్తే పదకొండు దాటుతుంది. అదనపు బరువుకు డబ్బు కట్టించుకుని వదిలేసే పద్ధతులు కొన్ని రాష్ట్రాల్లో ఉండేవి, 2005 నవంబరులో సుప్రీంకోర్టు వాటిని కాదంది. 2019 సవరణ జరిమానాను రెండు వేల నుంచి ఇరవై వేలకు, ఆపైన అదనపు టన్నుకు వెయ్యి నుంచి రెండు వేలకు పెంచింది. జరిమానా టన్నుల లెక్కన నేరుగా పెరుగుతుంది. నష్టం అలా పెరగదు. లారీ యజమాని మీద నాకు కోపం లేదు. కిరాయి టన్నుల లెక్కన ఇచ్చి, వాయిదాలు నెలల లెక్కన గుంజే వ్యాపారంలో అతను ఇంకో రెండు టన్నులు వేసుకోవడానికి మొగ్గుతాడు. ఆ రెండు టన్నుల ఖర్చు మాత్రం కాటా చీటీలో ఎక్కడా పడదు. అది గతుకుల్లో బైకు అదుపు తప్పి పడ్డవాడి ఆస్పత్రి చీటీలో పడుతుంది.

ఆఖరి ముడి ఇంకొకటి మిగిలింది, పెద్ద బండికి టైరుకు తక్కువ బరువు ఎందుకన్నది. ఐఆర్‌సీ పద్ధతిలో పక్కకొక టైరున్న ముందు ఇరుసుకు 6.6 టన్నులు, జంట ఇరుసులకు సుమారు 15, మూడిరుసులకు సుమారు 23 ఒక్కో కొలబద్ద ఇరుసుతో సమానం. ఆ లెక్కన పాత హద్దుల్లో ఆరు టైర్ల లారీ ఒకసారి దాటితే 3.1 కొలబద్ద ఇరుసుల నష్టం. పది టైర్ల లారీ దాటితే 3.2. దాదాపు ఒకటే. కానీ రెండోది తొమ్మిది టన్నులకు దగ్గరగా ఎక్కువ బరువుతో వెళ్లింది. ఇరవై రెండు టైర్ల ట్రెయిలర్ 49 టన్నులతో దాటితే 4.4. మూడింతల బరువు, నష్టం మాత్రం ఒకటిన్నర రెట్లకు లోపే. ఇరుసులు కలిపిన కొద్దీ రోడ్డు మీద టన్నుకు పడే భారం తగ్గుతుంది. హైవే మీద మనం భయపడి తప్పుకునే ఆ పొడవాటి బండి, హద్దులో ఉన్నంతవరకు, సరుకు టన్నుకు లెక్కేస్తే రోడ్డుకు మేలైనది.

2018 తర్వాత చట్టం ఒప్పుకున్న 18.5 టన్నుల ఆరు టైర్ల లారీకి ఇదే లెక్క వేస్తే 5.2 వస్తుంది. పాత 49 టన్నుల ట్రెయిలర్ కన్నా ఎక్కువ.